డై లోపలి మెట్లు

మా తోడికోడలు డై చేసిందన్న కబురు నాకు మొదట తెచ్చింది ఆమె మొగుడే, మా మరిది. తొంభైల చివర్లో ఒక శనివారం పట్నం బస్సు దిగి, చిట్యాల రోడ్డు పక్కనున్న మా షెడ్డుకే నేరుగా వచ్చాడు. సంచి కింద పెట్టకుండానే మొదలుపెట్టాడు.

"వదినా, నీ చెల్లె మూడు దినాలల్ల డై చేసింది. ఆకురాయి ముట్టలే, చేతికి మసి గాలే."

"మంచిదే గదా," అన్నాను. మా ఆయనకు అన్నం పెడుతున్న గరిటె మాత్రం చేతిలోనే ఆగిపోయింది.

మాది ప్లాస్టిక్ సామాన్లకు డైలు చేసే ఇల్లు. ఉక్కుముక్కలో ఆకారం తొలిచి, అందులోకి కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తితే వస్తువు వస్తుంది. తొలిచేది మా ఆయన, లోపల నునుపు చేసేది నేను. బడికి పోలేదు. మా బాపు ఇంట్లో పలక మీద దిద్దించిందే నా చదువు. ఈ పని మా అత్త నేర్పింది. పాలిష్ కాగితాన్ని పుల్లకు చుట్టి, వస్తువు బయటికొచ్చే దిక్కుకే రుద్దాలి. అడ్డంగా రుద్దితే ఆ గీతలు వస్తువును పట్టుకుని వదలవు. అది కంటికి కనపడదు, వేలికొనకు తెలియాలి. అట్లాంటి వేళ్లు ఇచ్చినందుకు రోజూ దీపం పెట్టేటప్పుడు దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

మా ఇంట్లో ఇంకో పద్ధతి ఉంది. కొత్త డైలోంచి వచ్చిన మొదటి ముక్కను అమ్మరు. డైని నునుపు చేసినవాళ్లే దాన్ని దేవుడి గూట్లో పెట్టాలి. అత్త పోయినప్పటినుంచి పెట్టేది నేనే.

ఆ ఏడు కట్టంగూర్ దిక్కు బత్తాయి తోటలకు చుక్కచుక్కగా నీళ్లిచ్చే పైపులు వేయించుకుంటున్నారు. వాటికి కొత్తరకం జాయింటు కావాలని ఒక దుకాణదారు వచ్చాడు. నమూనాలు రెండు వారాల్లో చూపించాలి. ఉక్కులో చేస్తే నెల పడుతుంది. మా తోడికోడలు డిప్లొమా చదివి పట్నంలో డైల కార్ఖానాలో పనిచేసేది. అక్కడికి కొత్తగా వచ్చిన మెషిన్, కంప్యూటర్‌లో గీసిన బొమ్మ ప్రకారం ఒక చిక్కటి ద్రవాన్ని వెలుతురుతో పొరమీద పొరగా గట్టిపరుస్తుంది. పెద్దసారును బతిమాలి డై లోపలి భాగాన్ని దానిమీద చేయించింది.

ఆదివారం పొద్దున దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి తెచ్చింది. తేనెరంగులో ఉంది. మా ఆయన పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తీసుకున్నాడు. నేను పాలిష్ చేసిన డైని ఎన్నడూ అట్లా పట్టుకోలేదు.

"ఇగ నీకు పాలిష్ బాధ తప్పింది," అన్నాడు నాతో.

ఆయన మంచికే అన్నాడు. ఇక గూట్లో ముక్క పెట్టేది ఆమేనన్నట్టు నాకు వినపడింది.

"ఎట్లుందో జర చూడు అక్కా," అంది ఆమె.

వేలు పెట్టాను. పొరలు పొరలుగా సన్నటి మెట్లు, అన్నీ వస్తువు వచ్చే దారికి అడ్డంగా. ప్లాస్టిక్ పట్టుకుంటుందని అప్పుడే తెలిసింది.

"నాకేం తెల్సు? సదువుకున్నదానివి నువ్వు," అన్నాను.

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, ఆ ముక్కను మా ఆయన ముందుకు జరిపింది.

మా ఆయన దాన్ని ఇనుప చట్రంలో బిగించి ప్లాస్టిక్ ఒత్తే చేతి మెషిన్ పిడి లాగాడు. చల్లారాక విప్పితే జాయింటు రాలేదు. ఇత్తడి కడ్డీతో మెల్లగా తట్టాడు. ఆ తేనెరంగు ముక్క రెండుగా విరిగింది. ఆమె ముక్కలేరి కొంగులో వేసుకుంది.

సాయంత్రం దీపం వెలిగించాను గాని దండం పెట్టడానికి చేతులు కలవలేదు. పెరట్లో గిన్నెలు తోముతున్న ఆమె దగ్గరికి పోయి కూర్చున్నాను.

"మెట్లు నా ఏలికి తగిలినై. తెల్సి కూడ చెప్పలే."

"నీ మొఖం చూసినప్పుడే సమజైంది," అంది ఆమె, గిన్నె మీది చెయ్యి ఆపకుండా. "మల్ల అడుగుదామంటే నాకూ పొగరు అడ్డమొచ్చింది. ఇంట్ల ఈయన ఎప్పుడు జూసినా మా వదిన చెయ్యి, మా వదిన చెయ్యి అంటడు. ఇని ఇని చెవులు నొస్తున్నై."

నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు.

మళ్లీ పెద్దసారు కాళ్లావేళ్లా పడి, గురువారానికి ఇంకోటి తెచ్చింది. ఒక సగం ఆమె, ఒక సగం నేను, తడి కాగితంతో రుద్దాం. ఉక్కు కాదు గదా, చెయ్యి బరువైతే ఆకారమే పోతుంది. "తేలిగ్గ, ముక్క వచ్చే దారిపొంటి రుద్దు," అని నేను చెప్తూ ఉంటే ఆమె నేర్చుకుంది. ఈసారి జాయింటు చక్కగా ఊడి వచ్చింది. ఆమె దాన్ని నా చేతిలో పెట్టింది.

"గూట్ల వెట్టు అక్కా."

నువ్వే పెట్టు అనాలి. నోట్లోకి వచ్చింది, బయటికి రాలేదు. నేనే పెట్టాను.

దుకాణదారు పని ఇచ్చాడు. నమూనాలు చూసినవాళ్లందరూ మా ఆయన డై అన్నారు, నా పాలిష్ అన్నారు. ఆమె మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, పైగా లోలోపల సంతోషపడ్డాను. అంత చిన్న మనసుతో ఉన్నా దేవుడు నా అన్నంలో ఏ లోటూ చేయలేదు.

ఇది చదివినవాళ్లకు నా మనవి ఒక్కటే. బత్తాయి చెట్టు మొదట్లో నీళ్లు చుక్కచుక్కగా పడుతుంటే చూసినప్పుడు మా తోడికోడలిని తలుచుకోండి. ఆ మొదటి ముక్కను గూట్లో పెట్టాల్సింది ఆమె.