ఆకూ, మాకూ

ఈ పొద్దున మెట్‌పల్లిలో పొగమంచు దట్టంగా పట్టింది. మా ప్రహరీ గోడకు వెల్ల వేయడానికి వచ్చిన రాజు వాకిట్లో డ్రమ్ము పెట్టుకొని సున్నం కలుపుతున్నాడు. తడి సున్నం వాసన మంచులో కలిసి ముక్కుకు తగిలేసరికి నా చాయ్ గ్లాసు నోటిదాకా రాకుండానే ఆగిపోయింది. నాకు తెలియకుండానే తల ఎడమ పక్కకు తిరిగింది. అటు పక్కింటివాళ్ల గోడ ఉంది, గోడ వెనక వాళ్ల బర్రె ఉంది. నా చెవులు మాత్రం ఎవరో బంతిని తన్నే చప్పుడు కోసం కాచుకొని ఉన్నాయి. ఇన్నేళ్లయినా ఈ అలవాటు పోలేదు. ఇది నాకు అంటించి పోయిన మనిషి పేరు జబ్బార్. ఇరాక్ దేశస్థుడు. మేమంతా ఆయన్ను కెప్టెన్ అనేవాళ్లం.

నేను ఖతర్ పోయిన రోజుల్లో మా ఊళ్లో ఆ పేరు ఎవరికీ నోరు తిరిగేది కాదు. నా కొడుకు దుబాయ్‌లో ఉన్నాడనే మా అమ్మ చివరిదాకా చెప్పుకుంది. పెట్రోలు డబ్బు భూమిలోంచి ఉబికి వస్తున్న కాలం అది. నిన్న ఇసుక ఉన్నచోట ఇవాళ రోడ్డు ఉండేది, రేపటికి దాని పక్కన దీపాలు వెలిగేవి. ఆ ఊపులోనే మదీనత్ అల్ షమాల్ అవతల, సముద్రం దగ్గర, ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు లేచింది. ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి ఇసుకలో పచ్చగడ్డి పెంచారు. ఆ గడ్డిని చూసుకోవడం, ఆట గీతలకు సున్నం పోయడం, ఆటగాళ్ల చొక్కాలు ఉతికి ఆరేయడం నా డ్యూటీ. ఫుట్‌బాల్ గురించి అప్పటికి నాకు తెలిసింది బంతి గుండ్రంగా ఉంటుందన్న ఒక్క సంగతే.

గ్రౌండుకు కుడి పక్క క్లబ్బు గదులు, రోడ్డు ఉండేవి. ఎడమ పక్క ఒక ఖాళీ ఊరు ఉండేది. చేపలు పట్టేవాళ్ల పాత ఊరు. ప్రభుత్వం కరెంటున్న కొత్త ఇళ్లు ఇచ్చాక అందరూ కట్టగట్టుకొని లేచిపోయారు. తలుపులు మూసేవాళ్లు కూడా లేక ఇళ్లన్నీ బార్లా తెరుచుకొని ఉండేవి. గాలి వీస్తే ఆ గదుల్లోంచి మనుషులు గుసగుసలాడినట్టు వినిపించేది. క్లబ్బు బస్సు నడిపే రహీం భాయ్‌ది మా పక్క బోధన్. భయమన్నది తెలియదని గొప్పలు పోయేవాడు, కానీ ఒంటేలుకు కూడా ఆ పక్కకు తిరిగేవాడు కాదు.

కెప్టెన్‌ను మొదటిసారి చూసిన రోజు ఇప్పటికీ కళ్లముందే ఉంది. నెత్తిమీద ఎండ. నేను గీతలు గీస్తున్నాను. కుడికాలు కొద్దిగా ఈడుస్తూ ఒక పొడగరి మనిషి వచ్చి, చెమట తుడుచుకుంటూ నన్ను అడిగారు.

"మాయ్ మాకూ?"

మాయ్ అంటే నీళ్లని అప్పటికే నేర్చుకున్నాను. మాకు అన్నది తెలుగేనాయె! నీళ్లు మాకు ఇవ్వవా అని ఇంత పెద్దమనిషి తెలుగులో అడుగుతుంటే నా ప్రాణం లేచొచ్చింది. "మీకు గాక ఇంకెవలకు సార్!" అన్నాను చేతులు కట్టుకొని. ఆయన కనుబొమలు ముడిచారు. బస్సు మెట్ల మీద కూర్చున్న రహీం భాయ్ పొట్ట పట్టుకొని నవ్వాడు.

"అరే గంగాధర్, ఆయన తెలుగు మాట్లాడుతలేడురా. ఇరాకోళ్లు ఉన్నదంటే ఆకూ అంటరు, లేదంటే మాకూ అంటరు. నీళ్లు లేవా అని అడుగుతుండు, పోయి తే."

"మరి ఇక్కడోళ్లు లేదంటే మాఫీ అంటరు గద భాయ్?"

"వీళ్లకు మాఫీ, వాళ్లకు మాకూ. లేకపోవుడైతే ఒక్కటే."

మాఫీతో కూడా నేను మొదట్లో బోల్తా పడ్డవాణ్నే. షాపువాడు బియ్యం మాఫీ అంటే నా అప్పేదో రద్దు చేశాడనుకొని దండం పెట్టి వచ్చాను. ఈసారి సంగతి రహీం భాయ్ తన అరబ్బీలో కెప్టెన్‌కు విప్పి చెప్పాడు. వీళ్ల భాషలో ఆకు అంటే చెట్టుకుండేది, మాకు అంటే మాది, మా కోసం అని. కెప్టెన్ చాలాసేపు నవ్వారు. ఆ రోజు నుంచి అది మా ఇద్దరి ఆటైపోయింది. ఖాళీ సీసా ఎత్తి, అరచెయ్యి గాల్లో తిప్పి "మాకూ" అనేవారు. అది ఇరాకీ మాట. వెంటనే గుండె మీద చెయ్యి వేసుకొని మళ్లీ "మాకూ" అనేవారు. అది నా మాట. ఏది ఏ భాషో చేతిని చూసి తెలుసుకోవాలి.

తన కథ నాకు ఒక్కసారిగా చెప్పలేదు. నేను సున్నం బండి తోస్తుంటే పక్కనే నడుస్తూ ముక్కలుముక్కలుగా చెప్పేవారు. కొంత రహీం భాయ్ విప్పి చెప్పేవాడు, మిగతాది రోజులు గడిచేకొద్దీ నాకే అర్థమైంది. బస్రాలో, ఖర్జూర తోటల మధ్య కాలువగట్టు మీద, తమ్ముడు లతీఫ్‌తో ఉత్తకాళ్లతో ఆడుతూ పెరిగారట. ఇద్దరూ దేశం జట్టుకు ఎక్కారు, ఈయన దానికి కెప్టెన్ కూడా అయ్యారు. లతీఫ్ ఎడమ పక్క నుంచి బంతిని ఎత్తి తన్నితే, గోలు ముందు ఈయన దాన్ని తలతో కొట్టేవారు. మోకాలు చితికాక ఆట మానేసి, పిలిచిన క్లబ్బుకు కోచ్‌గా వచ్చారు.

"నేను ఎప్పుడూ ఎడమ పక్కకు చూడలేదు గంగా," అన్నారొకసారి. "బంతి ఎక్కడ పడుతుందో అక్కడికి పరుగెత్తేవాణ్ని. చూస్తే ఆలస్యమవుతుంది. లతీఫ్ ఆకూ. అంతే."

నా గీతలు అప్పుడు పాము పాకినట్టు వంకరలు పోయేవి. ఆయన నా గడ్డం పట్టుకొని తల పైకెత్తారు. "గీతను చూడకు. అది చేరాల్సిన చోటును చూడు. చేతులు వాటంతట అవే పోతాయి." ఎదురుగా మూలన ఉన్న జెండాను చూస్తూ బండి తోశాను. వెనక్కి తిరిగి చూసుకుంటే తాడు పరిచినట్టు ఉంది గీత. బడిలో అయ్యవారు బెత్తంతో నేర్పలేనిది గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి నేర్పారు.

క్లబ్బు తరఫున ఆడటానికి తమ్ముణ్ని కూడా పిలిపిస్తున్నారని విన్నాం. పదకొండో నంబరు చొక్కా కుట్టించి నేను చొక్కాలు మడతపెట్టే గదిలో ఎడమ చివర కొక్కేనికి తగిలించమన్నారు. ఇంతలో వాళ్ల దేశంలో యుద్ధం మొదలైంది. లతీఫ్‌ను సైన్యంలోకి తీసుకున్నారు. మొదట్లో అప్పుడప్పుడు కబురు వచ్చేది, తర్వాత అదీ ఆగిపోయింది. కెప్టెన్ ఆ చొక్కాను ఎవరికీ ఇవ్వలేదు. మ్యాచ్ అయ్యాక మిగతా చొక్కాలతో పాటు ఎవరూ తొడగని దాన్ని కూడా ఉతకమనేవారు. ఉతికేవాణ్ని. తొడగని చొక్కా అంచుకు సున్నం అంటుకొని ఉండటం రెండు మూడుసార్లు చూశాను. నా చేతుల సున్నమే అయి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకొని ఇంకాస్త సబ్బు పెట్టేవాణ్ని.

ప్రాక్టీసులో ఎడమ పక్క ఎవరినీ నిలబెట్టేవారు కాదు. రోజూ ఒక్కసారైనా బంతిని ఆ ఖాళీలోకి తన్నేవారు. అది గీత దాటి దొర్లుకుంటూ పాత ఊరి దిక్కు పోయేది. తెచ్చే పని నాది. కుర్రాళ్లు చాటున గొణుక్కునేవారు. కోచ్‌కు మతి చెడిందని ఒకడు అంటే, రహీం భాయ్ వాణ్ని ఆ రోజు బస్సెక్కనివ్వలేదు. నాకైతే కోపం రాలేదు, భయమేసింది. లేనివాడి కోసం అంత చోటు వదిలిపెడితే, ఆ చోటు ఊరుకుంటుందా అని.

ఒక శుక్రవారం తెల్లవారాక ప్రాక్టీసు పెట్టారు. సముద్రం మీది నుంచి పొగమంచు వచ్చి గ్రౌండును మింగేసింది. నాలుగడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. నేను ఎడమ మూలన అప్పుడే గీత గీసి, సున్నం బండి పట్టుకొని నిలబడ్డాను. చప్పుళ్లు మాత్రం పక్కనే ఉన్నట్టు వినిపిస్తున్నాయి. కెప్టెన్ ఎప్పటిలాగే బంతిని ఎడమకు తన్నారు. అది నా ముందు నుంచే దొర్లి పాత ఊరి వైపు మంచులోకి పోయింది. తెద్దామని అడుగు వేయబోయాను. కెప్టెన్ గొంతు వినిపించింది.

"లతీఫ్!"

పిలుపు ముగియకముందే పాత ఊరి దిక్కున బంతిని తన్నిన చప్పుడైంది. మెత్తగా, నిండుగా. బంతి నా తల మీదుగా వంపు తిరిగి గోలు వైపు పోయింది. గడ్డి మీద పరుగు వినిపించింది, ఒక అడుగు బరువుగా, ఒక అడుగు ఈడుస్తూ. నుదుటికి బంతి తగిలిన చప్పుడు, ఆ తర్వాత వల జలజలలాడిన చప్పుడు. కిందికి చూస్తే నేను గీసిన తడి గీత ఒకచోట చెరిగి ఉంది. నా కాళ్లు ఉన్నది అక్కడ కాదు.

మంచును చీల్చుకుంటూ కెప్టెన్ వచ్చారు. నుదుటి మీద బంతి అంటించిన తడి మట్టి. నా మొహంలోకి చూస్తూ, చిన్నపిల్లవాడిలా అడిగారు. "గంగా, మిను ఆకూ?" ఎవరున్నారక్కడ అని.

అబద్ధం చెప్పాలని ఎంత అనిపించిందో! ఉన్నాడు కెప్టెన్, నేను చూశాను అని ఒక్క మాట అంటే నా సొమ్మేం పోయేది? కానీ నాకు కనిపించింది మంచు ఒక్కటే. "మాకూ, కెప్టెన్," అన్నాను. బండి పిడిని గట్టిగా పట్టుకొని ఉండటంతో నా చేతులు కదలలేదు.

ఆయన నా చేతుల వైపు చూశారు. తర్వాత మెల్లగా తన గుండె మీద చెయ్యి వేసుకొని, "మాకూ," అన్నారు. నేను చెప్పింది ఆయన భాషలో. ఆయన విన్నది నా భాషలో. నేను సరిదిద్దలేదు.

"ఊళ్లె ఎవలో పోరగాండ్లు ఉండి తన్నిండ్రు," అన్నాడు రహీం భాయ్, బస్సులో.

"ఆ ఊళ్లె పోరగాండ్లు ఎందుకుంటరు భాయ్?"

"నువ్వు అడగకు. నేను చెప్ప."

కొద్దిరోజులకు ఒక మధ్యాహ్నం క్లబ్బు ఆఫీసుకు ఫోన్ వచ్చింది. కువైట్‌లో ఉన్న కెప్టెన్ మేనమామ. నేను పక్క గదిలో చొక్కాలు మడతపెడుతున్నాను, తలుపు తెరిచే ఉంది. కెప్టెన్ చాలాసేపు విన్నారు. ఫోన్ పెట్టేసి నా గదిలోకి వచ్చి, ఎడమ చివర కొక్కెం నుంచి పదకొండో నంబరు చొక్కా తీశారు. దాన్ని రెండు చేతులతో గుండెకు హత్తుకొని నా వైపు తిరిగారు.

"లతీఫ్ మాకూ," అన్నారు.

ఏ భాషలో అన్నారో తెలుసుకుందామని చేతుల వైపు చూశాను. రెండు చేతుల నిండా చొక్కా ఉంది. ముఖం కూడా చూడని ఆ మనిషి కోసం, మడతపెట్టిన చొక్కాల మీద తల పెట్టి నేనే ముందు ఏడ్చాను. ఆయనే నా వీపు నిమిరారు. సరిహద్దు దగ్గర చిత్తడి నేలల్లో పోయాడని, శవం దొరకలేదని, ఏ రోజు పోయాడో వాళ్లకే తెలియదని తర్వాత రహీం భాయ్ చెప్పాడు. ఆ శుక్రవారం గురించి నేనూ రహీం భాయ్ మళ్లీ మాట్లాడుకోలేదు.

మరుసటి ప్రాక్టీసుకు కెప్టెన్ ఆ చొక్కాను ఎడమకాలితో ఆడే కుర్రాడికి ఇచ్చారు. వాడు తొడుక్కోవడానికి జంకితే ఆయనే తలమీది నుంచి తొడిగారు. సీజన్ అయ్యాక క్లబ్బు వదిలి వెళ్లిపోయారు. ఎక్కడికి పోయారో రహీం భాయ్ పోయినచోటల్లా అడిగాడు. తలా ఒక మాట చెప్పారు.

నేను ఊరికి తిరిగొచ్చి మేస్త్రీ పని పట్టాను. నా గోడ వంకర పోయిందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. దారం మీద కన్ను పెట్టను, అది చేరాల్సిన మూల మీద పెడతాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ల గడ్డాలు కూడా రెండు వేళ్లతో ఎత్తాను. ఎందుకో వాళ్లకు చెప్పలేదు.

వాకిట్లో సున్నం కలపడం ఆగింది. రాజు నన్నే చూస్తున్నాడు.

"ఏంది పెద్దనాయిన, జమానా అయితుంది అటే చూడబట్టి. ఆడ ఎవలన్న ఉన్నరా?"

"మాకూ," అన్నాను.

"మీకా?" రాజు మంచులోకి ఒకసారి తొంగిచూశాడు. "మీకోసం ఎవలు వస్తరు ఇంత పొద్దుగాల?"

వాడికి చేతితో చెబుదామనుకున్నాను. చల్లారిపోయిన చాయ్ గ్లాసు నా రెండు చేతుల్లోనూ ఉంది.