ఆ వారం వాన పడలేదు

ఒక్క మాట ఇన్నేళ్లుగా నా గొంతులో ఇరుక్కుని ఉంది. 2011లో, తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె రోజుల్లో పలికిన మాట. పలికినప్పుడు తేలిగ్గానే వచ్చింది. తర్వాతే బరువెక్కింది. ఈ రోజు దాన్ని మీ ముందు దించేస్తాను.  

నేను లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. పట్నం వచ్చాక, దిల్‌సుఖ్‌నగర్ దగ్గరి కొత్తపేటలో మా ఇంటి ముందుగదిలో పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణం నడిపాను. తేదీల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. ఎవరి పెళ్లి ఏ రోజున జరిగిందో, ఏ వాన ఎప్పుడు కురిసిందో దేన్నీ చూడకుండా చెప్పేదాన్ని. వీధిలో ఎవరైనా పందెం వేసుకుంటే తీర్పు నాదే.

పక్క దుకాణం సూరిబాబుది. గోదావరి వైపు నుంచి వచ్చి, భార్య సత్యవతితో కలిసి టిఫిన్లు అమ్మేవాడు. పైన బోర్డు మీద గోదావరి పేరే ఉండేది. ఉద్యమం వేడెక్కాక, ఆ వైపు నుంచి వచ్చిన దుకాణదారులు చాలామంది చేసినట్టే ఆయనా షట్టర్ మీద పెద్ద అక్షరాలతో 'జై తెలంగాణ' అని చవకలో రాయించాడు. మా వీధి పిల్లలకు ఆ మనిషి తెలుసు. బయటి నుంచి ఊరేగింపుగా వచ్చేవాళ్లకు మాత్రం ఆ అక్షరాలే తెలుసు.

సమ్మెకు బడులు మూతపడ్డాయి. పిల్లలు నా దుకాణం మీద పడ్డారు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న ఇంగ్లీషు కామిక్స్‌లో అట్ట లేని కథ ఒకటుంది. దాని పేరు నాకిప్పటికీ తెలియదు. ఆకాశంలో ఎగిరే వీరులు దుర్మార్గులను పట్టిస్తుంటారు, వాళ్లు జైళ్ల నుంచి తప్పించుకుని వస్తుంటారు. చివరికి వీరులు విసిగిపోతారు. ఇక నేరం జరిగేదాకా ఆగేది లేదు, ముందే వెళ్లి కొడతాం అంటారు, అనుమానం మీదే ఒకడి ఇల్లు పీకేస్తారు. అబ్బ, ఆ పేజీలు! అరవై దాటిన నేను నిలబడే చదివాను. పొయ్యి మీద పాలు పొంగి మాడిపోయాయి.

గిరాకీ లేని వేళ మా మెట్ల మీద కూర్చుని బొమ్మల పుస్తకాలు చదవడం సూరిబాబుకు అలవాటు. అదీ చదివాడు.

"ఇదేం న్యాయమండీ టీచరుగారూ? వాడింకా ఏం చెయ్యందే ఇల్లు పీకేశారు!"

"చేసేదాక చూస్కుంట కూసోవాల్నా?"

"మరి వీళ్లనుకున్నది తప్పైతేనో?"

"హీరోలయ్యా వాళ్లు! తప్పెట్లైతది?"

"అయితే మీ హీరోల కంట పడకుండా తిరగాలండోయ్!" అని నవ్వుతూ పోయాడు.

నేను నవ్వలేదు. బంద్ రోజుల్లో ఆయన షట్టర్ సగం దించి చైతన్యపురి హాస్టళ్ల పిల్లలకు ఇడ్లీలు అమ్మేవాడు. కానిస్టేబుళ్లూ తినిపోయేవారు. పైకి నినాదం, లోపల వ్యాపారం! చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. కూడలిలో దీక్షా శిబిరం అబ్బాయిలకు చెప్పాను. "పోనీ తియ్ అమ్మా, హాస్టల్ పోరగాళ్లు ఏం తినాలె మరి?" అన్నారు. మళ్లీ వెళ్లి చెప్పాను. ఈసారి నాకు చాయ్ పోసి పంపారు. ఇవాళ ఇడ్లీ పెడుతున్నవాడు రేపు ఇదే పిల్లల పేర్లు పోలీసులకు ఇవ్వడని నమ్మకమేమిటి? రుజువుందా అని నన్ను నేను అడగలేదు. లెక్క చేసిన దారి చూపించకుండా జవాబు మాత్రం రాసిన పిల్లలకు జీవితమంతా సున్నాలు వేసినదాన్ని.

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఒక రోజు వంటావార్పు జరిగింది. అంటే నిరసనగా నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే తినడం. నేనూ వెళ్లాను. కిచిడీ ఉన్న గంగాళం అంచున 'సత్యవతి' అని చెక్కి ఉంది. సూరిబాబు వాళ్లదే. భయపడి ఇచ్చాడు, అనుకున్నాను. అనుకుంటూనే మారు పెట్టించుకున్నాను.

ఆ పూటే దంపతులిద్దరూ తుర్కయంజాల్‌లో చుట్టాలింటికి వెళ్లారు. జనమంతా రోడ్డు మీదే ఉన్నారు. వీధి ఖాళీ. మిట్టమధ్యాహ్నపు ఎండలో నేను సబ్బునీళ్ల బకెట్, కొబ్బరిపీచు పట్టుకుని ఆయన షట్టర్ దగ్గరికి వచ్చాను. నాసిరకం రంగు, రుద్దగానే లేచివచ్చింది. ఒక్కో అక్షరం పోతుంటే గుండె డప్పులా మోగింది. గాలికి కొంగు వెనక్కి ఎగిరింది. ఏమనుకున్నానో చెప్పనా? నాకు రెక్కలొచ్చాయనుకున్నాను!

వాళ్లు తిరిగొచ్చింది రెండు రోజుల తర్వాత. తెల్లవారుజామున వెనక గుమ్మం నుంచి దుకాణంలోకి వచ్చి, లోపలి నుంచే షట్టర్ సగం ఎత్తారు. పొద్దెక్కాక ఎల్బీనగర్ వైపు నుంచి ఊరేగింపు వచ్చింది. తెలియని ముఖాలు. పైన బోర్డు చదివారు. కింద అక్షరాల్లేవు. రాళ్లు పడ్డాయి. అద్దాల పెట్టె పగిలింది. ఎవరో పొయ్యిని తన్నారు. కాగే నూనె సూరిబాబు ఎడమ పాదం మీద పడింది. సత్యవతి కేక విన్నాను. కిటికీ రెక్క దగ్గరికి వేసి, అరుపులు దూరమయ్యాకే బయటికి వచ్చాను.

దవాఖాన నుంచి కట్టుతో వచ్చి ఆయన మా మెట్ల మీదే కూర్చున్నాడు. షట్టర్ వైపు చూశాడు.

"టీచరుగారూ, మేం ఊళ్లో లేని రెండ్రోజులూ ఇక్కడ వాన పడిందాండీ?"

ఎంత చిన్న ప్రశ్న! ఒక్క మాట చాలు.

"పడ్డది. గట్టిగనే పడ్డది."

"అయితే నాదే తప్పు. కక్కుర్తిపడి చవక రంగు వేయించాను. మీరు చెప్పాక ఇంక తిరుగేముంది!" అన్నాడు.

నా మాటకు ఆ వీధిలో అంత విలువ. దాన్ని ఇలా ఖర్చు పెట్టాను.

తర్వాత ఆయన ఖరీదైన రంగుతో మళ్లీ రాయించాడు. మబ్బు పట్టినప్పుడల్లా కుంటుకుంటూ వచ్చి వేలితో గీరి చూసుకునేవాడు. రాష్ట్రం వచ్చేదాకా చూశాడు. పడని వానకు ఒక మనిషిని అన్నాళ్లు భయపెట్టాను.

ఆయన నిజంగా ఉద్యమాన్ని కోరుకున్నాడా, భయపడే గంగాళం ఇచ్చాడా? నాకిప్పటికీ తెలియదు. ఒకప్పుడు అది తెలిస్తే చాలనుకునేదాన్ని. ఆయన దొంగ అని తేలితే నేను బయటపడతానా? కాలిన ఆ పాదం మళ్లీ మామూలవుతుందా? సమ్మె జరిగిన ఏడాదికి ఆబిడ్స్‌లో ఆ కామిక్ తరువాయి భాగం దొరికింది. వీరులు ఇల్లు పీకేసిన మనిషి కోసం ప్రతి బొమ్మలోనూ వెతికాను. ఎక్కడా లేడు. వీరులు మాత్రం కొత్త దుస్తుల్లో ఎగురుతున్నారు. వెతకడం మానేసి వాళ్లనే చూస్తూ ఉండిపోయాను. ఎందుకంటే, సిగ్గుగా ఉన్నా చెప్పాలి, నా గుండె మళ్లీ వేగంగా కొట్టుకుంది.  తప్పు ఎంత హాయిగా ఉందో నా ఒంటికి ఇంకా గుర్తుంది.

దుకాణాలు రెండూ ఇప్పుడు లేవు. సూరిబాబు మాత్రం రైతుబజార్లో కనిపిస్తుంటాడు. నన్ను చూడగానే దూరం నుంచే, "టీచరుగారూ, ఈ వారం వానుందాండీ?" అని అరుస్తాడు. కూరగాయల వాళ్లు నవ్వుతారు. సరదాకే అంటాడా? తెలిసే అంటాడా? ప్రతిసారీ సంచీ సర్దుకుంటూ, "ఏమో సూరిబాబూ" అని తప్పుకుంటాను. తేదీలు మరవని మనిషిని, ఏమో అంటాను.

ఆయన ముందు నిజం నోటికి రాలేదు. మీ ముందు వచ్చింది. 

ఆ వారం వాన పడలేదు. ఒక్క చినుకు కూడా.