కబుర్లావిడ మరిది

ఉద్యోగం కాగితాల్లో ఆవిడ హోదా ‘పాదచారుల సహాయకురాలు’. వంతెన మీద నడిచేవాళ్లకు సహాయమేమిటి, ఇటు నుంచి అటు పోవడమేగా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆవిడ మొగుడికీ అనిపించింది. ‘మా ఆవిడకి జీతమిచ్చి మరీ షికారు చేయిస్తున్నారు’ అని కొత్తలో కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు. ఆయన బస్సు డ్రైవరు, షికారంటే కాస్త కుళ్లు.

అసలు సంగతి వేరు. ఆ వంతెన బాగా ఎత్తయినది, పేరున్నది. ఫొటోలు దిగడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. వచ్చేవాళ్లలో ఎప్పుడో ఒకరు చావడానికి వస్తారు. ఆ ఒక్కరినీ జనంలోంచి కనిపెట్టి, మాటల్లో పెట్టి, ఇవతలికి తీసుకురావడం ఆవిడ పని. వంతెన అంచు కమ్మీల ఎత్తు పెంచితే చాలావరకు ఆగుతుందని అందరికీ తెలుసు. కానీ వంతెన అందం చెడుతుందని కొందరు పెద్దమనుషులు అభ్యంతరం చెప్పారు. వాళ్లూ వాళ్లూ తేల్చుకునేలోపు కమ్మీల బదులు ఆవిడ నోటిని పెట్టారు. వంతెన మీద అందరూ ఆవిడను కబుర్లావిడ అంటారు.

ఆ నోటి గురించి అత్తవారింట్లో మొదట్లో చాలా గొడవలే జరిగాయి. కాసేపు నోరు మూసుకుంటే ఊపిరాడని మనిషి. పాలవాడితో మాట్లాడుతుంది, రాంగ్ నంబరు వస్తే వాళ్లతోనూ మాట్లాడుతుంది. అలాంటి మనిషికి దాని మీదే జీతం వస్తుంటే అత్తగారు ఏమీ అనలేక ఊరుకుంది.

ఆవిడ పద్ధతి ఆవిడది. కమ్మీ దగ్గర ఎవరైనా ఒంటరిగా, ఉలుకూ పలుకూ లేకుండా నిలబడి ఉంటే తిన్నగా వెళ్లి, “కాస్త ఈ గొడుగు పట్టుకుంటారా, జడ ఊడిపోయింది” అంటుంది. ఎంత కష్టంలో ఉన్నా మనిషి పరాయివాళ్ల గొడుగు పారేయలేడు. జడ అల్లుకోవడానికి ఆవిడ ఎంతసేపైనా తీసుకుంటుంది. ఈలోపు తన కాళ్ల నొప్పులు, మొగుడి గురక, అన్నీ చెబుతుంది. ఆ తరవాత గొంతు మార్చకుండా, కూరగాయల ధర అడిగినట్టు అడుగుతుంది: “చచ్చిపోవాలనిపిస్తోందా?”

ఈ మాట శిక్షణలో డాక్టరమ్మ నేర్పింది. డొంకతిరుగుడు వద్దు, సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్నదైతే బయటికొస్తుంది అని చెప్పింది. నేర్చుకున్నవాళ్లలో సగంమంది అమ్మో మావల్ల కాదన్నారు. కబుర్లావిడకు మాత్రం ఒక్క రోజులో వచ్చేసింది.

అడిగించుకున్నవాళ్లలో ఎక్కువమంది తిడతారు. మతి పోయిందా అంటారు. ఒకాయన కమ్మీ మీదకు వంగి అదే పనిగా నీళ్లలోకి చూస్తుంటే ఆవిడ వెళ్లి ఏమిటని అడిగింది. “కళ్లజోడు పడిపోయిందమ్మా” అన్నాడాయన. అయినా సరే, పని పనే కాబట్టి ప్రశ్న అడిగింది. “నేనెందుకు చస్తాను, కొత్త కళ్లజోడు పోయిందని తెలిస్తే మా ఆవిడే చంపేస్తుంది” అన్నాడు. ఆవిడ నవ్వలేదు, డ్యూటీలో ఉంది కాబట్టి. ఆయన్ని చెయ్యి పట్టుకుని బస్టాపు దాకా నడిపించింది.

కొందరు తిట్టరు. ఒక టైలరమ్మ గొడుగు పట్టుకుని, జడ అల్లడం పూర్తయ్యేదాకా చూసి, “అవును” అంది. ఆమెను వంతెన చివర గస్తీవాళ్ల బూత్‌లో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చెప్పినంతసేపూ విని, డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. ఇప్పుడామె పిల్లతో ఆ వంతెన మీదుగానే వెళుతుంటుంది. చెయ్యి ఊపి వెళ్లిపోతుంది, ఆగదు. ఆగాలని కబుర్లావిడ అనుకోదు కూడా. ఒక్కసారి చావు అంచుదాకా వచ్చి ఆగిపోయినవాళ్లలో చాలామంది మళ్లీ ఆ పని మీద రారని డాక్టరమ్మ చెప్పింది. అది చాలు ఆవిడకు.

ఇక మరిది సంగతి. మొగుడి తమ్ముడు, ఫ్రిజ్ మెకానిక్, పెళ్లి కాలేదు, మేడ మీద గదిలో ఉంటాడు. వదినామరుదులు ఒక చోట ఉంటే ఆ ఇంట్లో వేరే టీవీ అక్కర్లేదు. “ఇవాళ ఎంతమంది బుర్ర తిన్నావు వదినా?” అని వాడు, “నీ బుర్రలో ఉంటే కదా తినడానికి” అని ఈవిడ. మొగుడు మధ్యలో కూర్చుని అన్నం తిని లేచిపోయేవాడు.

ఈమధ్య మరిది పనికి సరిగ్గా వెళ్లడం లేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నాడు. ఫ్యాను చప్పుడు వల్లేమో అంది ఆవిడ. వాడు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పనెలాగూ తక్కువగా ఉంది కదా అని మధ్యాహ్నాలు వదినకు అన్నం డబ్బా తెచ్చిపెట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ పొంగిపోయింది. వంతెన ఇటు చివర నుంచి అటు చివర దాకా అందరికీ చెప్పింది. గస్తీలో తోడుండే నిచ్చెన, పొడుగ్గా ఉంటాడని అతనికా పేరు, “అక్కా, మీ మరిదిలాంటి మరిది ఎవరికుంటాడు” అన్నాడు. డబ్బా ఇచ్చాక మరిది కాసేపు కమ్మీ దగ్గర నిలబడేవాడు. గాలి బాగుందనేవాడు. వచ్చీపోయే ప్రతి ఒక్కరినీ భూతద్దం పెట్టి చూసే గస్తీవాళ్లు అతన్ని మాత్రం చూసేవారు కాదు. అతను మన మనిషి, చేతిలో అన్నం డబ్బా ఉంది.

ఆ రోజు డబ్బా బూత్‌లో పెట్టి, “ఖాళీ డబ్బా సాయంత్రం నువ్వే తెచ్చుకో వదినా” అన్నాడు.

ఆవిడకు చిరాకేసింది. వదిన మూతలు ఎక్కడో పారేసుకుంటుందని నెల రోజులుగా దగ్గరుండి తినిపించి, డబ్బా పట్టుకుపోయేది వాడే. ఇవాళ తన మీద ఇంత నమ్మకమేమిటో. సరేనంది. రెండు ముద్దలు తింది. మూడో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది.

ఇంట్లో ఏడాదిగా గుర్రుమంటున్న ఫ్రిజ్ పొద్దున చప్పుడు చేయలేదు. సొంత ఇంటి ఫ్రిజ్ బాగు చేయడానికి వాడికి ఎప్పుడూ తీరిక లేదు, దాని మీద ఎన్ని తగువులో. నిన్న రాత్రి కూర్చుని చేసేశాడు. మేడ మీద గది ఊడ్చాడు. వాళ్లన్నయ్య చొక్కాలన్నీ ఇస్త్రీ చేసి పెట్టాడు. పొద్దున ఎంతో హాయిగా ఉన్నాడు, చాన్నాళ్లకు మనిషి తేరుకున్నాడని ఆవిడ అనుకుంది. చాలా రోజులు దిగులుగా ఉండి, ఉన్నట్టుండి హాయిగా కనిపించేవాళ్లను ఒంటరిగా వదలొద్దని డాక్టరమ్మ చెప్పింది ఆవిడకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. అయినా మనసు ఒప్పుకోలేదు. ఛ, ఈ పాడు ఉద్యోగం వల్ల అందరూ అలాగే కనిపిస్తున్నారు, వాడికేం, వాడు మా వాడు అనుకుంది.

బూత్ కిటికీ అద్దంలోంచి చూసింది. మరిది బస్టాపు వైపు వెళ్లలేదు. వంతెన మధ్యకు నడుస్తున్నాడు.

ఎంగిలి చేత్తోనే లేచింది. పరిగెత్తకూడదు, అది పద్ధతి కాదు. నడిచింది. దగ్గరికి వెళ్లాక, ఊళ్లో వాళ్లందరినీ నిలబెట్టి అడిగే ఆ మాట, నాలుక చివర ఉన్న మాట, బయటికి రాలేదు.

“కూరలో ఉప్పు ఎక్కువైంది” అంది.

“అవునా” అన్నాడు వాడు. తిప్పి ఒక్క మాట అనలేదు. నీ నాలుకే ఉప్పు అని అనాలి కదా, అనలేదు.

“ఇంటికెళ్లవా?”

“వెళతాలే. నువ్వెళ్లి తిను.”

“ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది వదినా.”

అడిగితే ఏమవుతుంది? కాదంటే తలవంపులు, జన్మంతా ఏడిపిస్తాడు. అవునంటే? పరాయివాళ్లు అవునంటే ఏం చేయాలో ఆవిడకు తెలుసు. వీడు అవునంటే ఏం చేయాలో తెలియదు. అదే భయం. ఎంగిలి చేత్తో వాడి చొక్కా మోచేతి దగ్గర గట్టిగా పట్టుకుంది.

“ఒరేయ్. చచ్చిపోదామనుకుంటున్నావా?”

గొంతు కూరగాయల ధర అడిగినట్టు లేదు. దారిన పోయే ఇద్దరు తిరిగి చూశారు.

మరిది నీళ్ల వైపు చూస్తూ ఉన్నాడు. చూస్తూనే, “అవును” అన్నాడు.

శిక్షణలో చెప్పిన మాటలు ఒక్కటీ రాలేదు ఆవిడకు. అలాగే చొక్కా పట్టుకుని నిలబడింది. వాడే మళ్లీ మాట్లాడాడు.

“నెల నుంచి రోజూ వస్తున్నాను వదినా. ఇక్కడే నిలబడుతున్నాను. నువ్వు ఆ ఫొటోలు తీసే వాణ్ని అడిగావు. కళ్లజోడు పోయినాయన్నీ అడిగావు. నిచ్చెన కూడా అందర్నీ అడుగుతాడు. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెబుదామనే అనుకున్నాను.”

ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే వీడు నన్ను ఓదార్చడం మొదలుపెడతాడు, అసలు సంగతి పక్కకు పోతుంది అనుకుని మింగేసింది.

“ఇప్పుడు అడిగానుగా” అంది. “చెప్పు.”

వాడు చెప్పాడు. ఇదీ కారణమని ఒక్కటి లేదు. నిద్ర లేదు, తింటే రుచి లేదు, పని ముట్టుకోబుద్ధి కాదు, అన్నా వదినలకు బరువుగా ఉన్నాననిపిస్తుంది. ‘నువ్వు బరువేంట్రా’ అనబోయి ఆవిడ ఆపుకుంది. వింది. జన్మలో అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం ఆవిడకు అదే మొదలు. కూర్చున్నది బూత్‌లో, చొక్కా వదలకుండానే వాణ్ని అక్కడిదాకా నడిపించుకొచ్చింది. నిచ్చెన వచ్చి గుమ్మం దగ్గర తలుపులా నిలబడ్డాడు.

“వీడు మా మరిది” అంది ఆవిడ, అతనికి తెలియనట్టు. “అందరికీ ఏం చేస్తామో అదే చెయ్యి. ఒక్కటి కూడా వదలకు.”

నిచ్చెన డాక్టరమ్మకు ఫోన్ చేశాడు, వాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. మొగుడు బస్సు డిపోలో అప్పగించి యూనిఫాం మీదే ఆసుపత్రికి వచ్చాడు. తమ్ముడి పక్కన బెంచీ మీద కూర్చుని, వాడి చొక్కా మీద కూర మరక చూసి రుమాలుతో తుడవడం మొదలుపెట్టాడు. మరక పోలేదు. తుడుస్తూనే ఉన్నాడు. తుడుస్తూనే ఏడ్చాడు.

మందులు మొదలయ్యాయి. వారం వారం డాక్టరమ్మతో మాటలు మొదలయ్యాయి. మరిది మంచం మేడ మీది నుంచి కిందికి, ముందు గదిలోకి వచ్చింది. కబుర్లావిడ ఇప్పుడు రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిచ్చి అదే మాట అడుగుతుంది. మొదట్లో మొగుడు గిలగిల్లాడాడు. “పొద్దున్నే ఆ మాటలేంటే” అన్నాడు. “నిన్ను అడగడంలేదు, నీ కాఫీ నువ్వు తాగు” అంది. వారం పోయాక, ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు, ఆయనే అడిగాడు. గొంతు సవరించుకుని, తడబడి, మొత్తానికి అడిగాడు.

చాలా రోజులు మరిది “లేదు” అంటాడు. ఒక్కోసారి, “లేదు గానీ నీ కాఫీ తాగితే అనిపించొచ్చు” అంటాడు. ఆ రోజు ఇల్లు మళ్లీ మునుపటిలా ఉంటుంది.

మొన్న అడిగితే గ్లాసు కింద పెట్టి, “ఇవాళ కొంచెం” అన్నాడు.

ఆవిడ డాక్టరమ్మకు ఫోన్ చేసి మధ్యాహ్నం వాణ్ని తీసుకొస్తానని చెప్పింది. తరవాత సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి ఇవాళ రానని చెప్పింది. ఇంత పొద్దున్నే చెబితే ఎలాగ, అంత పనేముంది అని అతను విసుక్కున్నాడు.

“మా మరిది దగ్గర కూర్చోవాలి” అంది.