ఉప్పుటేట్లో నా చెప్పు

ఆ రోజుల్లో జూలూరుపాడులో మా పెద్దమ్మ కోళ్లకు కుక్కల భయం కంటే నా భయమే ఎక్కువ. మా నాన్న, పెదనాన్న బందరు వైపు సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చి, ఇక్కడ అడవి అంచున మిరప వేసుకుని స్థిరపడ్డారు. నాన్న ఆ ఊరిని మరిచిపోయాడు. పెదనాన్న మరవలేదు. అక్కడి ఉప్పుటేట్లో వల విసరడమంటే ఆయనకు ప్రాణం. ఎనభైల్లో ఒక చలికాలం పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది, మూతి కాస్త పక్కకు తిరిగింది. ఇక ఆ మనిషి నవ్వడమే మానేశాడు. కోరిక మాత్రం ఒకటి మిగిలింది: కాళ్లలో సత్తువ ఉండగానే ఆ ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నిలబడి, ఒక్క పండుగప్ప చేపను వలలో చూడాలని. పిల్లల్లేని మనిషి కాబట్టి, ఆయనకు చెయ్యి కావలసివచ్చినప్పుడు ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న నేను దొరికాను (ఖాళీగా ఉన్నవాడి చేతుల మీద అందరికీ హక్కుంటుంది).

వల విసిరే చదువు మిరపకల్లంలో మొదలైంది. "కాళ్లెత్తమాక. ఈడ్చు" అనేవాడు మంచం మీద కూర్చుని. "ఏంది పెదనాన్న, ఎండిన నేల మీద కాళ్లీడ్చుడేంది?" అంటే, "బురదలో టేకు చేప పడుకుని ఉంటదిరా. కాలెత్తి దాని మీదేశావా, తోకముల్లు దింపుద్ది. ఈడ్చుకుంటా పోతే అదే తప్పుకుంటది" అనేవాడు. నీడ నీళ్ల మీద పడితే చేప పారిపోతుందని సూర్యుడికి ఎదురుగా నిలబెట్టేవాడు. వల అంచున ఉండే సీసపు గుండ్లలో ఒకదాన్ని పళ్ల మధ్య బిగించి, మిగతా వలను భుజాన వేసుకుని, నడుము తిప్పి విసరాలి. సరిగ్గా ఆ క్షణానే ఆయన "అర్థమైందా?" అని అడిగేవాడు. నేను "అవ్" అనేవాణ్ణి. నోరు తెరిస్తే గుండు జారేది, వల వెళ్లి కోళ్ల మీద పడేది. "నువ్వు సముద్రం చూసేలోపు నా కోళ్లన్నీ పోతాయిరా" అని పెద్దమ్మ మొత్తుకునేది. పెదనాన్న అవేమీ వినిపించుకోకుండా ఒకే మాట చెప్పేవాడు. "పోటుకు సముద్రం ఏట్లోకి ఎక్కుద్ది, చేప దాంతోపాటు లోపలికి పోద్ది. పాటుకు నీళ్లు దిగేటప్పుడు అది బయటికి రావాల్సిందే. మొగ కాడ ఓపిగ్గా నిలబడాలంతే."

ఎండలు ముదరకముందే ఇద్దరం ఎర్రబస్సులు మారుతూ వెళ్లాం. మేం చేరేసరికి ఏరు దాదాపు ఖాళీ, అంతా బురద. పెదనాన్నను ఒడ్డున బోర్లించిన పడవ మీద కూర్చోబెట్టి, నేను చాలా తెలివిగా ఆలోచించాను. భద్రాచలంలో గోదావరి వరద చూసిన కళ్లు నావి. నీళ్లనేవి ఎగువ నుంచి వస్తాయి గదా! అందుకని చెప్పులు, పెద్దమ్మ కట్టిచ్చిన పులిహోర మూట భద్రంగా దిగువన, సముద్రం వైపు ఇసుకలో పెట్టి, ఎగువకు తిరిగి నిలబడి పోటు కోసం కళ్లు కాయలు కాసేలా చూశాను. అది నా వీపు వెనక నుంచి వచ్చింది. మోకాళ్లు తడిశాక తిరిగి చూస్తే పులిహోర తేలుతూ నన్ను దాటి పోతోంది, వెనకే నా చెప్పులు. "పెదనాన్నా, నువ్వు జూస్తనే ఉన్నవు గదా, చెప్పొద్దా?" అని అరిచాను. "చూశాన్రా. చెప్పబుద్ధి కాలా" అన్నాడు. అని నవ్వాడు. వంకరపోయిన మూతితోనే, కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

పాటు మొదలయ్యాక కాళ్లీడ్చుకుంటూ మొగ దగ్గరికి వెళ్లి, ఎండకు ఎదురుగా నిలబడి విసిరాను. ఆ రోజు ఆయన ఏమీ అడగలేదు, అందుకేనేమో వల గుండ్రంగా విచ్చుకుంది. లాగితే ఒక పీత, నా ఎడమకాలి చెప్పు. మళ్లీ మళ్లీ విసిరినా చేప పడలేదు. పెదనాన్న ఆ చెప్పును ఎడంచేత్తో అందుకుని, దులిపి, నా చేతికిచ్చాడు. "చెప్పాగదరా, లోపలికి పోయింది బయటికి రాకుండా పోదు. చేపకేం, ఇంకోసారి వద్దాంలే" అన్నాడు.

ఇంకోసారి లేదు. ఆ వానాకాలమే ఆయన పోయాడు. పండుగప్ప ఆయన వలలో పడనే లేదు, ఆ బాధ నాకిప్పటికీ ఉంది. అస్థికలు కలపడానికి భద్రాచలం వెళితే గోదావరి ఎర్రగా పారుతోంది. మెట్లు దిగి నీళ్లలో నడుస్తుంటే పక్కన స్నానం చేస్తున్న పెద్దాయన, "ఏందయ్యా గట్ల కాళ్లీడుస్తున్నవ్, నొప్పా?" అన్నాడు. గోదావరిలో టేకు చేప ఉంటుందేమోనని నడుస్తున్నానంటే ఏమనుకుంటాడోనని "అవ్" అన్నాను. కుండ ఖాళీ చేశాక కూడా నేను ఒడ్డుకు రాలేదు. "ఇంకేం చూస్తున్నావురా, రా" అని మెట్ల మీద నుంచి పెద్దమ్మ పిలుస్తూనే ఉంది. సముద్రం ఇక్కడికి చాలా దూరమనీ, ఈ నీళ్లు ఒక్క వైపే పోతాయనీ ఆ వయసుకే నాకు తెలుసు. అయినా నాలోని ఆ పిచ్చివాడు ఈసారి సరిగ్గా దిగువకే తిరిగి, నీళ్లు మళ్లుతాయేమోనని కాసేపు నిలబడ్డాడు.