ఎవరికీ తగలని తుపాకి

జిలె పట్నంలో గాలి తుపాకుల కొట్టుకు వచ్చే ప్రతివాడూ ఒకటే అడుగుతాడట, ఇది ఎంత దూరం కొడుతుంది, ఎంత లోతు దిగుతుంది అని. మా రుస్తెం మాత్రం గుమ్మం లోపల కాలు పెడుతూనే "అన్నిటికంటే బలం తక్కువది ఏది?" అని అడిగాడు. కొట్టు యజమాని నెజ్దెత్ నవ్వాడు. బేరం మొదలుపెట్టడానికి ఇదొక కొత్త ఎత్తు అనుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. నా మినీబస్సులో రుస్తెంను అక్కడికి తీసుకొచ్చింది నేనే. ఆ తుపాకి ఎందుకో నాకు తెలుసు.

రుస్తెం, నేనూ ఒకే ఏడాది పుట్టాం. నేను ఊరికీ జిలెకీ మధ్య బస్సు తిప్పుకుంటూ బతికాను. అతను ద్రాక్షతోట చేసుకుంటూ, ఆ పళ్ల రసంతో పాకం కాచుకుంటూ బతికాడు. కానీ చుట్టుపక్కల ఏడూళ్లలో అతని పేరు తోట వల్ల రాలేదు, గురి వల్ల వచ్చింది. మా వైపు పెళ్లికూతుర్ని ఊరికే పంపరు. పెళ్లికొడుకు వాళ్లు డోలు సన్నాయిలతో వచ్చి నిలబడితే, అమ్మాయి వాళ్లు తమకు నచ్చిన చోట ఒక కోడిగుడ్డు పెడతారు. దాన్ని కొట్టేదాకా తలుపు తెరుచుకోదు. కొట్టలేని పెళ్లికొడుకుల తరఫున ముప్పయ్యేళ్లు రుస్తెమే కొట్టాడు. పెళ్లిళ్లలో అతనికి పెద్ద ముక్క మాంసం, ముందు వరస పీట. మనిషి కొంచెం పొగరుగానే ఉండేవాడు. అబద్ధమెందుకు, అతని పక్కన కూర్చున్నందుకు నాకూ కొంత పొగరుండేది.

పదకొండేళ్ల కిందట ఎవరిదో పెళ్లిలో గుడ్డును వాల్‌నట్ చెట్టు కొమ్మల సందున పెట్టారు. రుస్తెం తాతల నాటి రైఫిల్‌తో కొట్టాడు. గుడ్డు పగిలింది. తూటా అక్కడితో ఆగలేదు. చెట్టు వెనక ఇంటావిడ ఎల్మాస్ తన మిద్దె మీద గోధుమ రవ్వ ఆరబోస్తోంది. డోలు మోతలో ఆమె కేక మాకెవరికీ వినపడలేదు. మేం రుస్తెంను భుజాల మీద ఎత్తుకుని ఎగురుతుంటే, ఆమె మిద్దె మీద మోకాలు పట్టుకుని పడి ఉంది. ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లిందీ నా బస్సే. ఎడమ మోకాలు మళ్లీ వంగలేదు.

ఆ తర్వాత జరిగిందాన్ని మా ఊళ్లో రాజీ అంటారు. పెద్దలు కూర్చున్నారు. ఆసుపత్రి ఖర్చు, ఒక పాడి ఆవు అన్నారు. ఎల్మాస్ భర్త, అప్పటికి బతికే ఉన్నాడు, సరేనన్నాడు. రుస్తెం తానే వెళ్తానని కోటు కూడా తొడుక్కున్నాడు. "ఇప్పుడొద్దురా, వాళ్లు మంట మీదున్నారు. చల్లారనీ" అని ఆపింది నేను. ఆవు పలుపు పట్టుకుని వెళ్లిందీ నేనే. ఎల్మాస్ పరుపు మీద నుంచి తల తిప్పి చూసింది.

"రుస్తెం రాలేదా?"

"సిగ్గుపడుతున్నాడు వదినా."

"సిగ్గుపడేవాళ్లు ముఖం దాచుకుంటారు సెఫెర్. ఆవును పంపరు."

నేను తేలు కుట్టిన దొంగలా ఆవును కట్టేసి వచ్చాను. ఆ మాట రుస్తెంకు చెప్పలేదు. చెప్పి ఉంటే వెళ్లేవాడేమో. చల్లారాక వెళ్దామన్న పని చల్లారాక అసలే కాదు. మొదటి నెల వెళ్లనివాడికి మొదటి ఏడాది ముఖం చెల్లలేదు. రెండో ఏడాదికి వాగు పక్క నుంచి చుట్టు దారి అలవాటైపోయింది. నా బస్సులో అతను ఉండగా ఎల్మాస్ చెయ్యెత్తితే, వెనక తలుపు తీసుకుని దిగిపోయేవాడు. నాలుగు మైళ్లు నడిచి ఇంటికెళ్లేవాడు గానీ ఆమె ఎదురుగా కూర్చునేవాడు కాదు. రైఫిల్‌ను పోలీసులు పట్టుకుపోయారు. అతను మళ్లీ తుపాకి ముట్టలేదు.

దేవుడికి వేరే పనేం లేనట్టు, రుస్తెం పెంచిన కెనాన్, అతని చచ్చిపోయిన తమ్ముడి కొడుకు, జిలెలో బట్టల కార్ఖానాలో పనిచేస్తూ అక్కడే ఒక పిల్లను ఇష్టపడ్డాడు. ఆ పిల్ల నురాయ్. ఎల్మాస్ కూతురు. సంబంధం అడగడానికి రుస్తెం పోలేదు, భార్య జెలిహాను పంపాడు. ఎల్మాస్ కాఫీ ఇచ్చింది, మిఠాయి తీసుకుంది, కాదనలేదు. ఒక్క షరతు పెట్టింది. గుడ్డు పెడతాను, దాన్ని రుస్తెమే కొట్టాలి, ఇంకెవరు కొట్టినా తలుపు తియ్యను.

అసలు తుపాకులు ఇప్పుడు పెళ్లిళ్లలో పేల్చనివ్వరు. ఆనాటి సంగతి తర్వాత కొన్నేళ్లు రాళ్లు విసిరారు, ఆ పైన గాలి తుపాకులు వచ్చాయి. అందుకే మేం నెజ్దెత్ కొట్లో ఉన్నాం.

నెజ్దెత్ మూడు తుపాకులు బల్ల మీద పెట్టాడు. "ఇది పదకొండు వేల లీరాలు. గాలిని ముందే పంపుతో నింపుకునే రకం. ఎనభై అంగల్లో సీసా మూత ఎగరగొడతావు. ఇది ఆరున్నర వేలు. గొట్టం మడిచి స్ప్రింగు బిగించే రకం. యాభై అంగల దాకా నమ్మొచ్చు. చవకలో మంచిది కావాలంటే ఇదే పట్టుకెళ్లు. ఈ చిన్నది మూడు వేల ఎనిమిది వందలు. పిల్లలకు నేర్పడానికి. పాతిక అంగలు దాటితే గుండు తల వాల్చేస్తుంది."

"మనిషికి తగిలితే?"

"ఏంటి పెద్దాయనా, ఎవరి మీదైనా పగుందా?"

రుస్తెం తన ఉన్ని కోటు విప్పాడు. కొట్టు వెనక పెరట్లో బట్టల తాడు మీద ఆరేశాడు. పాతిక అంగలు కొలిచి వచ్చాడు. మధ్య తుపాకి మడిచి, గుండు పెట్టి కొట్టాడు. పదకొండేళ్ల తర్వాత చేతికి తుపాకి వచ్చినా, కోటు జేబు మీద బొత్తానికి ఆనుకుని తగిలింది. పోయి చూస్తే బట్టకు చిల్లు, అస్తరుకూ చిల్లు. ఆ చిల్లులోంచి వేలు దూర్చి చాలాసేపు చూశాడు. తర్వాత చిన్నదానితో కొట్టాడు. ఉన్ని నలిగింది, గుండు కింద గడ్డిలో పడింది.

"ఇది ఇవ్వు."

"నీ ఇష్టం. నా మాటొకటి విను" అన్నాడు నెజ్దెత్, ఈసారి నవ్వకుండా. "కోటుకు ఏం కాలేదని మురిసిపోకు. కంటికి కోటుండదు. ఇది కూడా తుపాకే. మనిషున్న వైపు తిప్పకూడదు."

రుస్తెం ముఖం చూసి నేనే మాట మార్చాను. మంచి గుళ్లు ఒక డబ్బా తీసుకున్నాం. తుపాకి చవకదైనా గుళ్ల దగ్గర పీనాసితనం చెయ్యొద్దని నెజ్దెత్ రెండుసార్లు చెప్పాడు. దారంతా రుస్తెం ఆ తుపాకిని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీ వైపున్న గొట్టాన్ని కాసేపటికి నేల వైపు తిప్పాడు.

వారం రోజులు తోటలో డబ్బాలు కొట్టాడు. పాతిక అంగల్లో ఒక్కటీ పోలేదు. నేను పొగిడితే జెలిహా గిన్నెలు తోముతూ అంది: "పదకొండేళ్లుగా ఆ గుమ్మానికి ఎన్ని అడుగులో కొలవలేనోడు, గుడ్డుకెన్ని అడుగులో కొలుస్తున్నాడు. కొలవనీ."

పెళ్లి ఆదివారం. బారాత్ పన్నెండు కార్లతో, నా బస్సుతో, ఒక జెండాతో కదిలింది. ఎల్మాస్ ఇంటి ముందు డోలు మోగుతుంటే రుస్తెం తుపాకి పట్టుకుని దిగాడు. గుడ్డు ఏ చెట్టు మీద ఉందోనని అందరం చుట్టూ చూశాం. చెట్టు మీద లేదు. మిద్దె పిట్టగోడ మీద ఉంది. దానికి మూడు బారల అవతల, పదకొండేళ్ల కిందట రవ్వ ఆరబోసిన చోటే, ఎల్మాస్ కుర్చీ వేసుకుని కాలు చాపుకుని కూర్చుంది.

రుస్తెం పెదాలు తెల్లబడ్డాయి. "సెఫెర్, ఆమెను అక్కణ్ణుంచి లెమ్మను" అన్నాడు. నేను కేకేసి చెప్పాను.

"నా ఇల్లు, నా మిద్దె" అంది ఎల్మాస్ పైనుంచి. "పెట్టేది నేను. కొట్టేది మీరు. ఆచారం నేను చెప్పాలా?"

మేం నిలబడ్డ చోటి నుంచి అరవై అంగలకు తక్కువ లేదు. ఆ బొమ్మ తుపాకికి అది చంద్రమండలం. మొదటి గుండు గోడ సగంలో మట్టి రాల్చింది. జనం నవ్వారు. కొట్టడం చూశాను కాబట్టి చెప్తున్నాను, అది తుపాకి తప్పు ఒక్కటే కాదు. గొట్టం గుడ్డు వైపు లేదు. ఆమెకు ఎంత దూరంగా తిప్పొచ్చో అంత దూరంగా ఉంది.

"దగ్గరికి రా" అంది ఎల్మాస్.

పది అంగలు ముందుకొచ్చాడు. రెండో గుండు ఎక్కడికి పోయిందో కూడా తెలియలేదు. "ముసలోడి కళ్లు పోయాయి" అన్నారెవరో. "ఇంకా దగ్గరికి" అందామె. జనానికి అది ఎకసెక్కంలా వినిపించింది. నాకు కాదు. ఆమె గొంతులో ఎకసెక్కం లేదు.

పెళ్లికొడుకు మేనమామ ఒకడు నడుం దగ్గర దాచిన పిస్తోలు తీసి రుస్తెం చేతిలో పెట్టబోయాడు. "ఒక్క దెబ్బ, అన్నా, పరువు పోతోంది." రుస్తెం అతన్ని రెండు చేతులా తోశాడు. ఆ మనిషి వెళ్లి డోలు మీద పడ్డాడు. డోలు ఆగిపోయింది. కెనాన్ దగ్గరికొచ్చి, "పెదనాన్నా, పోనీలే, వెళ్లి బతిమాలుకుందాం" అన్నాడు. వాడి కళ్లల్లో నీళ్లు. లోపల తలుపు వెనక నురాయ్ ఎర్ర ముసుగులో నిలబడి ఉందని మాకందరికీ తెలుసు.

"ఇంకా దగ్గరికి రా రుస్తెం" అంది ఎల్మాస్ మూడోసారి.

అతను వీధి దాటాడు. మెట్ల కింద తుపాకి గోడకు చేరేసి ఎక్కాడు. వెనక నేనూ ఎక్కాను, పడిపోతాడేమోనని. పైన ఆమె ముందు నిలబడితే, చాపిన ఆ కాలు అతని బూటుకు జానెడు దూరంలో ఉంది.

"పదకొండేళ్లు పట్టింది" అంది ఎల్మాస్. "ఆవు ముందొచ్చింది. ఆవు ముసలిదై చచ్చింది కూడా."

"నీ హక్కు నాకు హలాల్ చెయ్యి" అన్నాడు రుస్తెం. మా దగ్గర చావు ముందూ, ప్రయాణం ముందూ, తప్పు చేసినప్పుడూ, క్షమించమని అడిగే మాట ఇది. అవతలివాళ్లు హలాల్ అంటే ముడి విడిపోయినట్టే. సాధారణంగా అడగ్గానే అనేస్తారు. ఎల్మాస్ అనలేదు.

"పిల్లను హలాల్ చేశాను. తీసుకెళ్లండి, సుఖంగా ఉండనీ. మోకాలును హలాల్ చెయ్యలేను. అబద్ధం ఆడమంటావా? రాత్రుళ్లు లేచి ఆ కాలు అటూ ఇటూ జరుపుకుంటాను, అప్పుడు నీ పేరే వస్తుంది నోటికి. ఇవాళ నోరు తిరగట్లేదు. పండక్కి రా. నువ్వే రా, ఇంకెవర్నీ పంపకు. వచ్చి అడుగు. వచ్చినప్పుడల్లా నిజమే చెప్తాను."

పిట్టగోడ మీది గుడ్డు తీసి అతని అరచేతిలో పెట్టింది. పగలగొట్టమంది. అతను పగలగొట్టలేదు. జారిపోకుండా గుప్పిట మూస్తే అదే వేళ్ల మధ్య చిట్లింది. పచ్చసొన మణికట్టు మీదుగా కారడం కింద నుంచి జనం చూశారు. ఏమనుకున్నారో ఏమో ఈలలు వేశారు, డోలు మళ్లీ మొదలైంది, కింద తలుపు తెరుచుకుంది. రుస్తెం మిద్దె మీద కూర్చుని ఏడ్చాడు. మీసాలు నెరిసిన మనిషి అలా ఏడిస్తే చూడ్డం నాకు కష్టమైంది. ఎల్మాస్ మాత్రం చూస్తూనే ఉంది, ఓదార్చలేదు.

ఆ తర్వాత మూడు పండుగలు వచ్చాయి. మూడింటికీ రుస్తెం కొత్త చొక్కా వేసుకుని నడి వీధిలోంచి నడిచి వెళ్లాడు. అడిగాడు. మూడుసార్లూ ఆమె కాసేపు ఆలోచించి, "ఇంకా లేదు రుస్తెం" అంది. టీ పోసింది, పాకం మిఠాయి పెట్టింది, నురాయ్ కడుపుతో ఉన్న సంగతి మాట్లాడుకున్నారు. ఊళ్లో కొందరు ఆమెను రాతి గుండె అంటారు. నాకు అలా అనాలనిపించదు. కాదన్నప్పుడల్లా రుస్తెం ముఖం వాడిపోతుంది, కానీ చుట్టు దారి మాత్రం మానేశాడు. ఇప్పుడు బస్సులో ఆమె ఎక్కితే లేచి తన సీటు ఇస్తాడు.

మూడో పండక్కి నేనూ తోడు నడిచాను, ఎప్పటిలా ఊరికే పక్కనుండడానికి. అతను అడగడం, ఆమె కాదనడం అయిపోయాయి. టీ తాగి లేవబోతుంటే ఎల్మాస్ నా వైపు తిరిగింది.

"ఆ రోజు కోటు తొడుక్కున్నోణ్ణి వెళ్లొద్దన్నావట. జెలిహా చెప్పింది. మరి నువ్వెప్పుడు అడుగుతావు సెఫెర్?"

రుస్తెం తల దించుకున్నాడు. నేను చేతిలోని గ్లాసు కింద పెట్టాను. అడగాల్సిన మాట నాకూ తెలుసు, చిన్నప్పటి నుంచి తెలుసు. నోరు తెరిచాను, రాలేదు.