ముద్దాయిని చూసి నవ్వాను

మెల్‌బోర్న్‌లో మాకు పౌరసత్వం వచ్చిన రెండో ఏడు నన్ను కోర్టులో కేసు విని తీర్పు చెప్పే జ్యూరీకి పిలిచారు. "చీటీల్లో నీ పేరు రాకపోతే లంచ్‌కల్లా ఇంటికొచ్చేస్తావ్‌లే" అన్నారు మావారు.

పేరు వచ్చింది.

పేరు వచ్చినవాళ్లు ముద్దాయి ఎదురుగా నడిచి వెళ్లి కూర్చోవాలి. నచ్చకపోతే ఆలోపే అతను వద్దనవచ్చు. నా ముందు ఇద్దరిని వద్దన్నాడు. తీరా చూస్తే మనదేశం కుర్రాడే. పాతికేళ్లుంటాయేమో. రైల్లో మనవాళ్లు ఎదురైతే నవ్వినట్టు, నా పాడు అలవాటుకొద్దీ నవ్వేశాను. అతని మొహం తేటపడింది. నన్ను వద్దనలేదు.

విచారణ తొమ్మిది రోజులు సాగింది. తీర్పు పైకి చెప్పే పని తోటివాళ్లు నాకే అప్పగించారు. లేచి నిలబడ్డాను. బోనులోంచి అతను నన్నే చూస్తున్నాడు.

"గిల్టీ ఆర్ నాట్ గిల్టీ?" అని కోర్టు ఉద్యోగి అడిగారు.

"గిల్టీ" అన్నాను.

అప్పుడు కూడా అతను నా మొహంలో ఆ నవ్వు కోసమే వెతుకుతున్నాడు.

కారెక్కగానే మావారు, "ఏమైంది? మొహమేంటి అలా పీక్కుపోయింది?" అన్నారు. కేసు సంగతులు బయట చెప్పకూడదు. తీర్పు సరైనదే, మళ్లీ అడిగినా అదే చెబుతాను. ఆ నవ్వు సంగతి మాత్రం ఇన్నాళ్లూ ఆయనకు కూడా చెప్పుకోలేకపోయాను.