తాళం తప్పిన చోట

కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్లే బస్సులో, ఒళ్లో గిటారుతో నా పక్కన కూర్చున్న యువకుడి పాటలను మెచ్చుకున్నానని ఇన్నాళ్లూ అందరికీ చెప్పాను. అది అబద్ధం.

తన స్నేహితులతో రేకుల గదిలో రికార్డు చేసుకున్న క్యాసెట్టును అతను వాక్‌మన్‌లో వినిపించాడు. పాట వెనక వాన చప్పుడు. తాళం తప్పిన చోట ఎవరో పకపకా నవ్వారు. ఆ చోటే మళ్లీ వినాలనిపించింది.

"ఎట్లున్నదన్నా? కాపీలు తీసి కాలేజీల పంచమంటవా?"

అప్పట్లో ఖమ్మంలో నాకు రికార్డింగ్ స్టూడియో ఉండేది. అందులో అంత ప్రాణమున్న పాట ఒక్కటీ పుట్టలేదు. ఆ అసూయతోనే, "అంతా గోలనే తమ్ముడూ. పంచితే నలుగురూ నవ్వుతరు" అన్నాను.

"అవ్, ముందు మేమే నవ్వినం గదన్నా," అంటూ క్యాసెట్టు జేబులో పెట్టుకుని, పాల్వంచలో దిగిపోయాడు.

ఇప్పటికీ వాన పడితే ఆ పాట పాడుకుంటాను. తాళం తప్పే చోట ఆగి, ఆ నవ్వు కోసం కాసేపు ఎదురుచూస్తాను.